మోహనలో మధ్యమం ఎవరు పెట్టారు?

చాలా కాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. చదివాక గిటార్ నేర్పే మిత్రులకూ, కచేరీలలో ముందు వరుసలో కూర్చుని తల పంకించే మిత్రులకూ ఒకేసారి కోపం వస్తుందని తెలుసు. ఇరుపక్షాలనూ ఒక్క దెబ్బకు నొప్పించే అవకాశం అరుదుగా దొరుకుతుంది కనుక వదులుకోదలచలేదు. వ్యాఖ్యల్లో తిట్టదలచుకున్నవారు దయచేసి చివరిదాకా చదివి తిట్టవలసిందిగా మనవి.

ముందు ఒక ముచ్చట.

డిగ్రీ రెండో ఏడు వేసవి సెలవుల్లో విజయవాడలో ఒక గిటార్ క్లాసులో చేరాను. రెండు నెలలు తిరిగేసరికి సి, ఎఫ్, జి అనే మూడు కార్డ్‌లు పట్టుకోవడం, తాళం తప్పకుండా తీగలన్నిటినీ కలిపి మీటడం వచ్చింది. ఆ మూడింటితో లోకంలోని పాటల్లో సగం వాయించవచ్చునని మా మాస్టారు అభయమిచ్చారు. ఆ ధీమాతో ఒక సాయంత్రం డాబా మీద అమ్మను పాడమన్నాను. అమ్మ సంగీతం గురుముఖతః నేర్చుకున్నది కాదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం ‘ఈ మాసపు పాట’ నేర్పుతుంటే రేడియో పక్కన నోటుపుస్తకం పెట్టుకుని, వంట గిన్నె మాడినా లేవకుండా నేర్చుకున్నది. మోహనలో ఒక లలితగీతం అందుకుంది. నేను సి పట్టుకుని మొదలుపెట్టాను. పల్లవి రెండో పాదంలో ఎఫ్‌కు మారాను. అమ్మ ఆగిపోయింది.

“ఏరా, మోహనలో మధ్యమం ఎవరు పెట్టారు?”

“నేను స్వరాలు వాయించడం లేదమ్మా, ఊరికే కార్డ్‌లు వేస్తున్నానంతే.”

“ఊరికే వేసినా వినపడుతుంది కదరా!”

అని, మిగతా పాట నా సాయం లేకుండానే పాడుకుంది.

లెక్క చూస్తే చాలా చిన్నది. మోహనకు ఉన్నవి అయిదే స్వరాలు: స, రి, గ, ప, ద. ‘సి’ని షడ్జం అనుకుంటే సి, డి, ఇ, జి, ఎ అవుతాయి. సి కార్డ్‌లో స, గ, ప ఉంటాయి, పేచీ లేదు. ఎఫ్ కార్డ్ అంటే మ, ద, స. జి కార్డ్ అంటే ప, ని, రి. అంటే లోకాన్ని జయించగల ఆ మూడు కార్డ్‌లలో రెండు, మోహన తన గుమ్మం తొక్కనివ్వని రెండు స్వరాలను పెరటి దారిన లోపలికి తెస్తున్నాయి. సంగీత శాస్త్రం ఒక్క పుట చదవని మా అమ్మ చెవికి అది క్షణంలో తెలిసిపోయింది. ఫీజు కట్టి నేర్చుకున్న నాకు తెలియలేదు.

మరునాడు క్లాసులో అడిగితే, “ఫీల్ వస్తోందా లేదా చూసుకో, రాగాలతో మనకేం పని?” అన్నారు. మా వీధిలో వయొలిన్ నేర్పే ఒక పెద్దాయనను అడిగితే, “అందుకే నాయనా, కార్డ్‌లు మన సంగీతానికి పనికిరావు. ఆ పెట్టె పక్కన పెట్టి సరళీ స్వరాలు మొదలుపెట్టు” అన్నారు. ఒకాయన చెవిని వదులుకోమన్నారు, ఇంకొకాయన గిటార్‌ను వదులుకోమన్నారు. నేను ఆనాడు రెండో మాట విన్నాను. ఆ గిటార్ కొన్నేళ్ళపాటు బీరువా మీద దుమ్ము తిన్నది.

ఇన్నేళ్ళ తర్వాత నేను చెప్పదలచుకున్నది ఇదీ: ఆ ఇద్దరూ బద్ధశత్రువులుగా కనిపిస్తారు గానీ ఇద్దరి తప్పూ ఒక్కటే. కార్డ్ అంటే ఒక ముద్ద అని ఇద్దరూ నమ్ముతారు. ఒకరు ఆ ముద్దను పాట కింద పెట్టి సంతోషిస్తారు, మరొకరు ఆ ముద్ద పాటను నలిపేస్తోందని దుఃఖిస్తారు. కార్డ్ ముద్ద కాదు. మూడు నాలుగు గొంతులు ఎవరి దారిన వారు నడుస్తూ ఒక క్షణం ఒకచోట కలుసుకుంటే, ఆ క్షణానికి పెట్టిన పేరు కార్డ్. గొంతులను మరచిపోయి కలుసుకున్న చోటును మాత్రమే నేర్పుతున్నందువల్లనే ఈ గొడవంతా.

ఈ సంగతి నాకు గిటార్ దగ్గర తెలియలేదు. మా పక్కవాటాలో ఉండే అక్క ఒకరు చర్చి గాయక బృందంలో ఆల్టో పాడేవారు. డిసెంబరు వచ్చిందంటే సాయంత్రాలు వరండాలో ఒంటరిగా తన భాగం సాధన చేసేవారు. వింటే నవ్వొచ్చేది. అందులో పాటంటూ కనపడేది కాదు. రెండు మూడు స్వరాల మధ్య తచ్చాడుతూ, ఒక్కోచోట అడుగు కదపకుండా ఒకే స్వరం మీద నాలుగు మాటలు పలుకుతూ సాగేది. క్రిస్మస్ రాత్రి చర్చికి పిలిస్తే వెళ్ళాను. సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ నాలుగూ కలిశాయి. అప్పుడు చూద్దును గదా, అక్క కదలకుండా పట్టుకుని నిలబడిన ఆ స్వరం కిందా పైనా ఉన్న గొంతులు మారుతూ ఉంటే దాని రంగు మారిపోతోంది! తాను కదలకుండానే ఒకచోట గాంధారం పని, ఇంకోచోట పంచమం పని చేస్తోంది. పాట పైగొంతుదే కావచ్చు. కింది మూడు గొంతులకూ కూడా ఒక్కొక్క బతుకు ఉంది. బృందగానం శాస్త్రం చదివినవాళ్ళు పెట్టుకున్న కట్టుబాట్లన్నీ ఆ బతుకును కాపాడడానికే. రెండు గొంతులు పంచమం దూరంలో జంటగా ఒకే వైపు నడవకూడదంటారు. నడిస్తే రెండు గొంతులు ఒక్కటై, ఒకటి చచ్చిపోయినట్టు వినపడుతుంది కనుక.

దీన్నే ఇంగ్లీషువాళ్ళు వాయిస్ లీడింగ్ అన్నారు. తెలుగులో నేను ‘గొంతుల నడక’ అని రాసుకుంటున్నాను. ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తడితే చెప్పండి, మారుస్తాను. ‘స్వరగమన విన్యాసం’ వంటివి మాత్రం వద్దు. ఇక పాట పైతీగల మీద పాడుతూ, దాని కింద ఈ గొంతులను నడిపిస్తూ, ఒక్క మనిషే ఒక్క గిటార్ మీద అంతా వాయించడం కార్డ్ మెలొడీ. దానికి తెలుగు మాట నాకు దొరకలేదు, కార్డ్ మెలొడీ అనే అంటాను.

గిటార్ దగ్గరున్నవాళ్ళు ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. మొదటి వారం నేర్పే సి పట్టు పట్టండి. అక్కడినుంచి ఎ మైనర్‌కు మారండి. ఏం జరిగింది? చూపుడు వేలు, నడిమి వేలు ఉన్నచోటనే ఉన్నాయి. ఉంగరపు వేలు ఒక్కటే అయిదో తీగ మూడో మెట్టు వదిలి మూడో తీగ రెండో మెట్టుకు వచ్చింది. ఆ ఒక్క వేలి కదలికతో అడుగు గొంతు షడ్జం నుంచి కింది దైవతానికి దిగింది, మధ్యలో ఒక గొంతు పంచమం నుంచి దైవతానికి ఎక్కింది. ఒకటి అవరోహణ, ఒకటి ఆరోహణ, రెండూ అచ్చంగా మోహనే. మిగతా మూడు గొంతులు కదలలేదు. ఇంత చక్కటి పాఠం మొదటి వారంలోనే పిల్లవాడి వేళ్ళ కింద పెట్టి, ఏ మాస్టారూ దాన్ని పైకి చెప్పరు. చెప్పకపోగా మూడో నెలలో బారి కార్డ్ నేర్పుతారు. చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి, ఎఫ్ నుంచి జి కి రెండు మెట్లు జరుపు అంటారు. ఆరు గొంతులూ ఒకే వైపు, ఒకే దూరం, ఒకేసారి దూకుతాయి. అది నడక కాదు, లారీలో సామాను జరగడం.

మన ఊళ్ళో పుట్టినవాడికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు అనుకుంటాను. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ విజయవాడ నడిబొడ్డు గుండా పోతాయి. 1855లో ఆనకట్ట కట్టిన నాటి నుంచీ, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చాక కూడా, ఈ డెల్టా బతికింది నీటి మట్టాన్ని కొద్దికొద్దిగా దించుకుంటూ పోయే లెక్క మీద. కాలువల్లో పడవలు తిరిగిన రోజుల్లో మట్టం మారే చోటల్లా లాకులు ఉండేవి. పడవను ఎత్తి అవతల పడెయ్యలేదు. నీటినే మెల్లగా దించి పడవను దించారు. ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు వెళ్ళడమంటే అంతే. ఎవరు కదలనక్కరలేదో వారిని ఉండనివ్వు. కదలవలసినవాడిని దగ్గరి మెట్టుకే పంపు.

సరే, మళ్ళీ అమ్మ మోహనకే వస్తాను. మోహన అయిదు స్వరాలతో మూడేసి స్వరాల పూర్తి కార్డ్‌లు ఎన్ని తయారవుతాయి? రెండే. సి మేజర్, ఎ మైనర్. అంతే. “అయితే పాటంతా రెండు కార్డ్‌లేనా, బోరు కొట్టదా?” అనేది క్లాసు ప్రశ్న. ముద్దలుగా ఆలోచిస్తే కొడుతుంది. గొంతులుగా ఆలోచిస్తే మోహనలో చోటు చాలా ఉంది. పాట రిషభం మీద ఉందనుకోండి. రిషభాన్ని మోసే పూర్తి కార్డ్ మోహనలో లేదు. జి పట్టుకుంటే నిషాదం వచ్చేస్తుంది. అందుకని పట్టుకోవద్దు. అయిదో తీగ మూడో మెట్టు మీద షడ్జం, మూడో తీగ ఖాళీగా పంచమం, రెండో తీగ మూడో మెట్టు మీద పాట తాలూకు రిషభం. మూడే తీగలు. అందులో ఒక వెలితి ఉంటుంది, ఎటో వెళ్ళాలన్న తహతహ ఉంటుంది. పాట రిషభం నుంచి గాంధారానికి వెళ్ళగానే మొదటి తీగ ఖాళీగా మోగించండి. షడ్జం, పంచమం కదలలేదు, కదిలింది పాట ఒక్కటే. అయినా వెలితి నిండి సి కార్డ్ పూర్తయింది. ఇంకోటి చూడండి. మూడో తీగ, రెండో తీగ రెండూ అయిదో మెట్టు మీద పట్టి, మొదటి తీగ మూడో మెట్టు మీద పంచమం వాయించండి: సి. ఆ పంచమాన్ని అయిదో మెట్టు దైవతానికి తీసుకువెళ్ళండి: ఎ మైనర్. కార్డ్ మారింది, కింద ఎవరూ కదలలేదు. ‘కార్డ్ మార్చడం’ అనే పని అసలు జరగనే లేదు. పాట ఒక అడుగు వేసింది, మనం దానికి పేరు మార్చాం.

పైగా ఈ వాయిద్యానికి మోహన మీద పుట్టుకతోనే మక్కువ ఉంది. మామూలు శ్రుతిలో ఖాళీ తీగలు కింది నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. సి షడ్జమైతే అవి గ, ద, రి, ప, ని, గ. ఆరింటిలో అయిదు మోహనవే. ఒక్క రెండో తీగ మాత్రం నిషాదం. దాన్ని ఒక కంట కనిపెట్టి ఉంటే చాలు.

హిందోళం దగ్గర మన క్లాసుల భాగోతం ఇంకా విచిత్రం. స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ దైవతం, కైశికి నిషాదం. పాట ‘స’లో ఉంది, విషాదంగా ఉంది, కనుక సి మైనర్ కొట్టు అంటారు. సి మైనర్‌లో పంచమం ఉంది. హిందోళంలో పంచమం! హిందోళానికి తన షడ్జం మీద నిలబడే పూర్తి కార్డ్ లేనే లేదు. ఉన్న రెండు కార్డ్‌లు మధ్యమం మీద ఎఫ్ మైనర్, దైవతం మీద ఎ ఫ్లాట్ మేజర్. అంటే ఇంటి యజమాని అయిన షడ్జం ఒక కార్డ్‌లో పైమెట్టు మీద, ఇంకో కార్డ్‌లో నడిమి మెట్టు మీద కూర్చుంటాడు తప్ప పీట మీద కూర్చోడు. హిందోళంలో మనకు వినిపించే ఆ నిలకడలేనితనానికి ఇదీ ఒక కారణమేమోనని నా అనుమానం. గొంతుల నడక తెలిసినవాడికి ఇది ఒక వరం. పాటల పుస్తకాల్లో సాహిత్యం నెత్తిన ఇంగ్లీషు అక్షరాలు పేర్చుకుని పోయేవాడికి మాత్రం ఇది ఎన్నటికీ కనపడదు, ఎందుకంటే ఆ అక్షరాలు ఏ స్వరం పైన ఉండాలో, ఏది కింద ఉండాలో, ఏది అసలు ఉండకూడదో చెప్పవు.

ఇప్పుడు ముందు వరుస పెద్దలతో మాట్లాడాలి.

అయ్యా, మంగళంపల్లి బాలమురళీకృష్ణ మన విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర పెరిగినవాడు. ఇక్కడి ఆకాశవాణిలో పనిచేసినవాడు, ఇక్కడి సంగీత కళాశాలకు అధ్యక్షత వహించినవాడు. ఆయన ‘మహతి’ అని ఒక రాగం చేశారు. స, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. నాలుగే స్వరాలు. 1975లో వచ్చిన తమిళ చిత్రం ‘అపూర్వ రాగంగళ్’లో ఎం.ఎస్.విశ్వనాథన్ దాన్ని వాడారు కూడా. నాలుగు స్వరాలది రాగమెలా అవుతుందని పెద్ద రభసే జరిగింది. ఆ నాలుగు స్వరాలను ఒకేసారి మోగించి చూడండి: సి, ఇ, జి, బి ఫ్లాట్. సి సెవెన్త్! ప్రపంచంలో ఏ మూల గిటార్ పట్టిన పిల్లవాడైనా మొదటి నెలలో నేర్చుకునే కార్డ్ అది. మన ఊరి విద్వాంసుడు దాన్ని నిలువునా కాక అడ్డంగా పరిచి రాగమన్నాడు. మీరు రాగమని తలలూపినదీ, కార్డ్ అని ముక్కు విరిచినదీ ఒకే నాలుగు స్వరాలు.

(క్లాసువారూ తొందరపడి చప్పట్లు కొట్టవద్దు. మీరు మొదటి మెట్ల దగ్గర నేర్పే సి సెవెన్త్ పట్టులో స, గ, ని, స, గ మాత్రమే ఉన్నాయి. పంచమం లేదు. మొదటి తీగ మీద మూడో మెట్టు నొక్కితేగాని మహతి పూర్తి కాదు. లేదని ఎప్పుడైనా ఎవరికైనా చెప్పారా?)

పాశ్చాత్య పద్ధతిలో ఆ కార్డ్ ఒక తీరని దాహం. అందులోని గాంధారం అర మెట్టు ఎక్కి మధ్యమానికీ, నిషాదం అర మెట్టు దిగి దైవతానికీ చేరితేగాని తృప్తి లేదంటారు. మహతిలో మధ్యమమూ లేదు, దైవతమూ లేదు. తలుపులు రెండూ మూసేశారు. అయినా రాగం నిలబడింది. అమెరికాలో నల్లవారి బ్లూస్ కూడా ఈ సెవెన్త్ కార్డ్‌నే ఇల్లు చేసుకుని, ఎక్కడికీ పోనక్కరలేదని కూర్చుంటుంది. అంటే గొంతుల నడకకు ఏకైక శాస్త్రం బాఖ్ ఊళ్ళో రాసిపెట్టి లేదు. ఏ రాగంలో గొంతులు ఎటు నడవాలో ఆ రాగం చెబుతుంది. అది వినగల చెవులు మీ దగ్గర ఉన్నాయి, వాయించే చేతులు వాళ్ళ దగ్గర ఉన్నాయి. మధ్యలో పలకరింపులు లేవు.

“మన సంగీతంలో పలుగొంతులు లేవు” అంటారు. తంబురా దగ్గర చెవి పెట్టి కూర్చున్నవారెవరైనా స్వయంభూ గాంధారం వినలేదనగలరా? పంచమం, షడ్జాలు మీటుతుంటే ఎవరూ మీటని అంతర గాంధారం దానంతట అది పలుకుతుంది. స, గ, ప. వీణ మీద నాలుగు తీగలు రాగం పాడుతుంటే పక్కనున్న మూడు తాళపు తీగలను చిటికెన వేలు మీటుతూనే ఉంటుంది. మీదే ఆ వాయిద్యం! ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలు విని శంకరాభరణంలో నోట్టుస్వరాలు కట్టారు, పిల్లలకు ఇప్పటికీ నేర్పుతున్నాం. బాణీ తెచ్చుకున్నాం, దాని కింద నడిచే గొంతులను మాత్రం ఓడలోనే వదిలేశాం. వయొలిన్ కూడా అలాగే వచ్చింది. వచ్చిన ప్రతి వాయిద్యాన్నీ మొదట అంటరానిదన్నాం. హార్మోనియంను ఆకాశవాణి 1940లో వెలివేసి 1971లోగాని కొంచెం తలుపు తెరవలేదు. విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న; అంటే మొదటి ఇరవై రెండేళ్ళకు పైగా, బయట పద్యనాటకం హార్మోనియం లేకుండా తెర ఎత్తని ఈ గడ్డ మీద, లోపల అది నిషిద్ధం. ఇక మాండొలిన్ మీద గమకం పలకదన్నవారి నోళ్ళు ఎవరు మూయించారో చెప్పనక్కరలేదు. పాలకొల్లు పిల్లవాడు శ్రీనివాస్ 1978లో, తొమ్మిదేళ్ళ వయసులో, త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసింది మన గుడివాడలోనే.

అయితే పెద్దల మాటలో నిజం ఉన్నచోట ఒప్పుకుంటాను. తోడి కింద నేను కార్డ్ పెట్టను. తోడి గాంధారం ఒక మెట్టు మీద నిలబడే స్వరం కాదు. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగే ఉయ్యాల. దాని కింద నిలకడ కార్డ్ పెడితే ఊయలకు మేకు కొట్టినట్టు. సహాన, బేగడల జోలికీ పోను. గిటార్ మెట్ల మీది గాంధారం తంబురా పలికే గాంధారం కంటే, స్వరస్థానాల మధ్య దూరాన్ని నూరు భాగాలు చేస్తే దాదాపు 14 భాగాలు ఎక్కువ శ్రుతిలో ఉంటుందన్నదీ నిజమే. తెలిసిన చెవికి గుచ్చుకుంటుంది. కానీ నేను అడుగుతున్నది కచేరీ కృతులను కాదు. లలితసంగీతాన్ని, సినిమా పాటను. వాటిని కట్టినవారే పలుగొంతుల వాద్యబృందాలను వాడుకున్నారు. ఇళయరాజా ధనరాజ్ మాస్టారి దగ్గర గిటార్ పట్టి, సలిల్ చౌధురికి గిటార్ వాయించి వచ్చినవాడు. ఆయన పాటల్లో బేస్ గిటార్ కింద ఇంకో పాట పాడుతూ ఉంటుంది. 1986లో ‘హౌ టు నేమ్ ఇట్?’ను త్యాగరాజుకూ బాఖ్‌కూ కలిపి అంకితమిచ్చాడు. మన పిల్లలు ఆయన పాటకు కూడా పైన నాలుగు అక్షరాలు రాసుకుని, ఆ బేస్ గొంతును తుడిచేసి, తీగలన్నీ బరికి, ‘కవర్’ అని పెడుతున్నారు.

మూడో వర్గం ఒకటుంది, చిన్నదే. గొంతుల నడక తెలిసినవాళ్ళు. టెడ్ గ్రీన్ 1971 నాటి ‘కార్డ్ కెమిస్ట్రీ’ తిరగేసినవాళ్ళు, జో పాస్ 1973లో ఒంటరిగా రికార్డ్ చేసిన ‘వర్చువోసో’ను అరగదీసినవాళ్ళు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో పాఠాలకు కొదవ లేదు కనుక వీరి సంఖ్య పెరుగుతోంది. అందరూ ‘ఆటమ్ లీవ్స్’ వాయిస్తారు. శుభం. కృష్ణా డెల్టాలో శరత్తుకు ఆకులు రాలవు, వరి పొట్టకు వస్తుంది. చేతిలో ఇంత విద్య పెట్టుకుని, అమ్మ పాడే పాటకు నాలుగు పాదాలైనా గొంతులు కట్టాలని ఒక్కరికీ తోచకపోవడం నాకు అందరికంటే వీళ్ళ మీదనే కోపం తెప్పిస్తుంది. క్లాసువాడికి తెలియదు, పెద్దాయనకు ఇష్టం లేదు. వీళ్ళకేమైంది?

ఇంత ఆవేశం ఎందుకంటారా? అమ్మకు డెబ్భై దాటాయి. తారాస్థాయి పోయింది. పల్లవి సగం పాడి దమ్ము చాలక ఆగుతుంది. నోటుపుస్తకం ఉంది, అందులో సాహిత్యం ఉంది, అక్కడక్కడా స్వరం ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒకరోజు, “ఇక నాకు రాదురా, నువ్వు వాయించు, వింటాను” అంది. గిటార్ తీసుకున్నాను. సి పట్టుకుని మీటాను. ఎ మైనర్ మీటాను. పాట ఎక్కడుంది? పాడే మనిషి ఉన్నంతకాలం నా స్ట్రమ్మింగ్ చేను చుట్టూ కంచెలా మర్యాదగానే కనిపించింది. చేను లేకపోయాక ఒట్టి కంచె మిగిలింది. ఆ రాత్రి నాకు తెలిసింది, నేను నేర్చుకున్నది పాటను కాదు, పాట పక్కన నిలబడడాన్ని అని. ఇవాళ మన ఇళ్ళల్లో ఎంతమంది దగ్గర ఇలాంటి నోటుపుస్తకాలు ఉన్నాయో, ఎంతమంది పాడడం మానేశారో లెక్కపెట్టుకోండి. ఆ పాటలను ఒక్క మనిషి, ఒక్క వాయిద్యంతో, పాటగానే నిలబెట్టగల పద్ధతి ఒకటి ఉండగా, మనం పిల్లలకు కంచెలు కట్టడం నేర్పుతున్నాం.

అప్పటి నుంచి ఆ నోటుపుస్తకంలోని పాటలు ఒక్కొక్కటిగా కడుతున్నాను. వేగం లేదు, ఒక్క పల్లవికి నెల పట్టిన సందర్భాలున్నాయి. ముందు పాటను ఒంటి తీగ మీద, పైరెండు తీగల్లో, పాడినట్టు వచ్చేదాకా వాయిస్తాను. తర్వాత బొటనవేలితో అడుగు గొంతు ఒక్కటే కలుపుతాను, అదీ షడ్జమో పంచమమో పట్టుకుని వీలైనంతసేపు కదలకుండా. రెండూ గొడవపడకుండా నడిచాకగాని మూడో గొంతు జోలికి పోను. మూడో గొంతును విడిగా నోటితో పాడి చూస్తాను. అందులో రాగానికి చెందని స్వరం ఉంటే నోరే చెబుతుంది, వేలు చెప్పదు. పాటలో గమకం ఉన్నచోట కింద ఎవరినీ మోగనివ్వను, పాటను ఒంటరిగా ఊగనిస్తాను.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఆనాటి మోహన పాటే వాయించాను. అమ్మ మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుని వింటోంది. పల్లవి అయింది. రెండో పాదం దాటాను. అనుపల్లవి కూడా సాఫీగా పోతోందని నేను లోలోపల పొంగిపోతున్న సమయంలో, కళ్ళు తెరవకుండానే, “మధ్యమం పోయింది గానీ, ఎక్కడో నిషాదం గీకుతోందిరా” అంది.

చూసుకున్నాను. రెండో తీగ. అయిదో మెట్టు నుంచి వేలు ఎత్తేటప్పుడు ఖాళీగా మోగుతోంది.

వేలు ఆనించి, అనుపల్లవి మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను.